మందు కలిపిన విత్తనం

మా తమ్ముణ్ణి చెప్పు తీసి కొట్టాను. చాటుగా కాదు, పట్టపగలు, పుదూరు దగ్గర మా నల్లరేగడి చేలో, కూలికి వచ్చిన ఆడవాళ్ళంతా చూస్తుండగా. పెళ్ళీడు కూతురున్న మగవాణ్ణి అక్క చెప్పుతో కొట్టిందని ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. చెప్పుకోనీ. ఆ రోజు చేతికి రాయి దొరికుంటే రాయితోనే కొట్టేదాన్ని.

నేను కోవిల్‌పట్టిలో కాపురం ఉంటాను. మా పొలంలో పండిన జొన్నలు, సజ్జలు గుడ్డ సంచుల్లో నింపి విరుదునగర్‌లోనూ మదురైలోనూ తెలిసిన ఇళ్ళకు పంపుతాను. పురుగుమందు చుక్క తగలని ధాన్యమని నా మాట మీదే కొంటారు. "కడుపుతో ఉన్నాను, మందు లేనిదే కదా అక్కా?" అని ఒకమ్మాయి అడిగితే, "మా అత్త కొరికి మింగిన విత్తనం నుంచి వచ్చిన పంటమ్మా" అని గొప్పగా చెప్పాను.

అది కోతలు కొయ్యడం కాదు. మా నాన్నకు అక్క, మొగుడు పోయాక పుట్టింట్లోనే ఉండిపోయిన మా మేనత్త కొరికి చూడనిదే మా ఇంటి విత్తనం మట్టిలో పడదు. మావి వానాధారం చేలు. వానలకు ముందొచ్చే పురట్టాసి నెల ఎండలో పొడి దుక్కిలోనే విత్తేస్తాం, వాన వచ్చేదాకా గింజ దుమ్ములో పడుంటుంది. అందుకని బాగా ఎండిన గింజ కావాలి. అత్త విత్తనాల గంపలోంచి కాసిని తీసి నోట్లో పోసుకుని పటపటా కొరుకుతుంది. చప్పుడు నచ్చితే నమిలి మింగి, మొదటి పిడికెడు తానే చల్లుతుంది. ఉమ్మెయ్యకూడదు. మనం తినలేనిది మట్టికి పెట్టకూడదని ఆవిడ పట్టుదల.

దుమ్ములో పడున్న గింజంటే నెమళ్ళకు పండగ. తుమ్మ పొదల్లోంచి మందగా దిగి, కాళ్ళతో గీకి గీకి తింటాయి. కిందటేడు తమ్ముడు ఒకసారి విత్తితే ఊడ్చేశాయి, మళ్ళీ విత్తితే మళ్ళీ ఊడ్చేశాయి. రేకు డబ్బాలు కొట్టాడు, పాత చీరలు కట్టాడు, గొంతు పోయేదాకా అరిచాడు. "అవీ బతకాలి కదరా" అన్నాను ఫోనులో. వాడు ఠక్కున ఫోను పెట్టేశాడు.

ఈ ఏడు విత్తే పొద్దున నేనూ వెళ్ళాను. తమ్ముడు ట్రాక్టరుకు దారి చూపించడానికి రోడ్డు మీదికి పోయాడు. వాడు వచ్చేదాకా ఆగే ఓపిక అత్తకు లేదు. గంపలో చెయ్యి పెట్టి గింజలు నోట్లో పోసుకుంది. ఏళ్ళ తరబడి పొడుం పీల్చి ఆవిడ ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది, ఏ వాసనా తెలియదు. "రవంత కసప్పుగా ఉండాదే" అంది. చేదు తెలిసినా మింగేసింది.

తమ్ముడు తెచ్చిన ట్రాక్టరు మొదటి చాలు ముగించేలోపే అత్త మోకాళ్ళ మీద కూలబడింది. నోట్లోంచి చొంగ ధారగా కారింది. ఒళ్ళంతా చెమట. కాళ్ళు మట్టిని తన్నడం మొదలుపెట్టాయి. దవడలు బిగుసుకుని నాలుక తెగింది, నురగ ఎర్రబడింది. ఆవిణ్ణి పక్కకు తిప్పి పట్టుకుని, "ఏం కలిపావురా?" అని తమ్ముడి మీద అరిచాను.

"ఏమీ లేదక్కా. వెయిలు కొట్టినాది," అన్నాడు. ఎండదెబ్బ అని వాడి మాట.

అప్పుడే గట్టు అవతల దబదబమని చప్పుడైంది. ఒక ఆడనెమలి మెడ వెనక్కి విరుచుకుని, రెక్కలు నేలకేసి బాదుకుంటూ గిరగిరా తిరుగుతోంది. దాని చుట్టూ మరికొన్ని కదలకుండా పడున్నాయి. ఈగలు అప్పటికే ముసిరాయి. చేను అంచున తమ్ముడు ముందురోజు చల్లిన గింజలు వాటి ముక్కులకు అంటుకునే ఉన్నాయి. నాకు అంతా తెలిసిపోయింది. నెమలిని చంపితే జైలు. ఇక్కడ అత్త చస్తుంటే వీడు పోలీసులకు భయపడి ఎండ మీదికి తోస్తున్నాడు.

చెప్పు తీసింది అప్పుడే. చెంప మీద, చెవి మీద, మూతి మీద కొట్టాను. వాడి పెదవి చిట్లి నా ముంజేతి మీద రక్తం పడింది. అడ్డం వచ్చిన కూలి మనిషిని తోసేస్తే ఆవిడ వెల్లకిలా పడింది. "ఏ మందో చెప్పరా. డాక్టరు అడుగుతాడు. చెప్పకపోతే ఆ గంపంతా నీ నోట్లో కుక్కుతాను," అన్నాను. కుక్కేదాన్నే. వాడు ఏడుస్తూ తుమ్మ పొద వైపు చెయ్యి చూపించాడు. ముళ్ళు చర్మం చీరేస్తుంటే పొదలో చెయ్యి పెట్టి ఖాళీ సీసా లాగాను. అత్త కొరకడానికని మందు కలపని గింజలు వేరే మూటకట్టి జేబులో పెట్టుకున్నాడట. అది అప్పుడు చెప్పాడు, ఎవరికి కావాలి?

పక్క చేనాయన కారులో కోవిల్‌పట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. దారి పొడుగునా అత్త కాళ్ళు కారు తలుపును తన్నుతూనే ఉన్నాయి. ముక్కులోంచి గొట్టం దింపి కడుపు కడిగారు. చేతులు మంచానికి కట్టేశారు. సీసా తెచ్చి మంచి పని చేశారన్నాడు డాక్టరు. బతుకుతుందని మాత్రం అనలేదు.

బతికింది. మాట వచ్చాక నేను తమ్ముణ్ణి తిట్టబోతే అడ్డుకుంది.

"వాణ్ణి అనొద్దు. మయిలుకి మందు పెట్టమని సెప్పింది నేనే. అంచుకి పెట్టమంటి. ముండాకొడుకు ఇత్తనానికంతా కలిపేసినాడు."

నెమళ్ళకు మందు పెట్టించింది ఆవిడేనని తెలిసి ఎక్కడలేని కోపమూ వచ్చింది నాకు, ఆవిడ గొంతు నొక్కేయాలన్నంత. "మరి నేను అంతమందికి ఇచ్చిన మాట?" అన్నాను.

"నీ టవునోళ్ళు వొచ్చి మయిలు తోలినారా?" అంది.

కానీ ఆ కడుపుతో ఉన్న అమ్మాయి గొంతు నా చెవిలోంచి పోలేదు. కొనేవాళ్ళందరికీ ఫోను చేసి, ఈసారి విత్తనానికి మందు కలిసింది, రాబోయే పంట జొన్నలు తినొద్దని చెప్పాను.

మేం ఆసుపత్రిలో ఉండగానే తమ్ముడు మిగతా విత్తనమంతా విత్తించేశాడు. వాన పడింది. గీకడానికి నెమళ్ళు లేవు. గింజ పోకుండా మొలిచి, చేను పచ్చగా కళకళలాడింది. అత్త ఇంటికి వచ్చిన వారం నేను ట్రాక్టరు తెచ్చి నా వాటా చేనులోకి తోలించాను. దున్నే కొర్రులు మట్టిలోకి దిగి మొలకలన్నీ వేళ్ళతో సహా తిరగబడ్డాయి.

అత్త కర్ర పట్టుకుని ఊగుతూ వచ్చింది. ఆసుపత్రిలో కన్నీటి చుక్క రాల్చని మనిషి, దున్నిన చాళ్ళలో కూలబడి మొలకలు ఏరుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. "నన్ను సంపినా వోర్సుకుంటిని. మొలిసిందాన్ని సంపితివే," అంది.

నేను ట్రాక్టరును ఆపమనలేదు.