పదిహేడు పడ్డ పిల్ల

2022 వానాకాలం. చెన్నూరు దగ్గరి ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. మంచిర్యాలలో జరిగే పోటీలకు బాలికల కబడ్డీ జట్టును ఎంపిక చేస్తున్నాను.

ఆటల్లో వయసుకు వాడే మాటలన్నీ ఇంగ్లీషువే. బడిలో 'సీనియర్' అంటే పై తరగతి పిల్ల. మైదానంలో మాత్రం వయసు హద్దులు దాటిన క్రీడాకారిణి. 'అండర్ సెవెంటీన్' అంటే, నిర్వాహకులు చెప్పిన తేదీ నాటికి పదిహేడేళ్లు నిండనివాళ్లు. ఈ మాటలు నాకు కొట్టినపిండి అనుకునేవాణ్ని.

పిల్లల్ని వరుసలో నిలబెట్టి వయసు అడుగుతూ పోయాను. ముందు నోటిమాటతో ఏరివేత, తర్వాత మిగిలినవాళ్ల వివరాలు సరిచూడటం నా పద్ధతి. పదో తరగతి స్వరూప వంతు వచ్చింది.

"ఎన్నేండ్లు?"

"పదిహేడు పడ్డయి సార్."

"అయితే అండర్ సెవెంటీన్ల రావు. అటు కూసో."

ఆమె వెళ్లి గోడ పక్కన కూర్చుంది. మా బడిలో అంత వేగంగా రైడ్‌కు, అంటే కూతకు, వెళ్లే పిల్ల ఇంకొకరు లేరు. పదో తరగతి గనుక మా బడి తరఫున ఆడటానికి ఆమెకు అదే ఆఖరి అవకాశం. అదేదీ ఆలోచించకుండా, నిబంధన పాటించానన్న తృప్తితో ఇంటికి పోయాను.

మర్నాడు ప్రార్థన కాకముందే ఆమె తల్లి రాజవ్వ వచ్చింది. బీడీలు చుట్టే మనిషి, పని ఆపుకొని వచ్చింది.

"సారూ, నా బిడ్డ ఆటల ఏం తక్కువైంది?"

"ఆటల తక్కువ లేదక్కా. వయసే ఎక్కువైంది."

"మరి లావణ్య ఉన్నది గద టీంల?"

"ఆమెకు పదహారే."

రాజవ్వ నడుం మీద చేయి పెట్టుకుంది. "అది మా ఇంటెనుక పిల్లనే సారూ. అది పుట్టినంక ఇరవైయొక్క దినాల పండుగ చేసిన్నాడు నేను నిండు నెలలతోని పోయి బువ్వ తినొచ్చిన. పెద్దది ఆడొచ్చు, చిన్నది ఆడద్దా? గిదేం లెక్క?"

వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. మా వైపు బిడ్డ పుట్టగానే ఒకటో ఏడు నడుస్తున్నట్టు లెక్క. పదహారు నిండిన మర్నాడే 'పదిహేడు పడ్డయి' అంటారు. లావణ్య బడి లెక్కన నిండిన ఏళ్లు చెప్పింది, స్వరూప ఇంటి లెక్క చెప్పింది. నేనూ ఈ గోదావరి ఒడ్డునే పుట్టాను. మా అవ్వ నా వయసు అలాగే చెప్పేది. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

"తప్పు నాదే అక్కా."

"నాకెందుకు చెప్తవ్ సారూ? గోడకు కూసున్నది అది. దానికి చెప్పు."

అందరి ముందూ చెప్పాను. స్వరూప తల వంచుకుని విని, "ఇగ ఆడాల్నా సార్?" అంది.

మంచిర్యాలలో ఆఖరి ఆటలో మేం రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. చివరి కూతకు వెళ్లిన స్వరూప ముగ్గురిని తాకి, నలుగురు మీదపడుతుంటే వేలికొనతో మధ్యగీత అందుకుంది. నా గొంతు పోయేదాకా అరిచాను. జిల్లా జట్టులో మా బడి నుంచి చోటు దొరికింది ఆమెకే. అంత గర్వం నా ఉద్యోగంలో మళ్లీ కలగలేదు.

కానీ ఆమె తల్లి వచ్చి అడిగింది కాబట్టి ఆమె ఆడింది. అంతకుముందు నేను కూర్చోమంటే కూర్చుని, అడగడానికి ఎవరూ రాని పిల్లలు ఎందరో నాకు తెలియదు. ఇప్పుడు ఎంపిక రోజున ఎవరినీ వయసు అడగను. ముందు అందరినీ ఆడిస్తాను. పుట్టిన తేదీలు తర్వాత నేనే చూసుకుంటాను.