డబ్బా మీద గీత

మా ఇంట్లో రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి ఉంది. అట్ట మీద నా చేతిరాతతోనే 'పాఠ్య ప్రణాళిక' అని ఉంటుంది. లోపల ఉన్నది మాత్రం మా పిల్లి విరేచనాల వివరం. ఏ రోజు ఎన్నిసార్లు వెళ్ళింది, గట్టిగానా నీళ్ళగానా, రంగేమిటి, వాంతి అయిందా, అయితే తిన్నాక ఎంతసేపటికి అయింది. ఇరవై ఏళ్ళుగా ప్రభుత్వ బడిలో పాఠాలు చెబుతున్నాను. నిజం చెప్పాలంటే అసలు పాఠ్య ప్రణాళికను నేనెన్నడూ ఇంత శ్రద్ధగా రాయలేదు.

ఆ పిల్లి మా బడిలో మధ్యాహ్న భోజనం వండే రేకుల షెడ్డు వెనక దొరికింది. అరచేతిలో పట్టేంత ఉంది. దాన్ని సంచిలో వేసుకుని, కోహీర్‌లో బస్సెక్కి, జహీరాబాద్‌లో మా ఇంటికి తెచ్చాను. మా ఆయనది ట్రాక్టర్ల కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోతుంటాడు. పిల్లలిద్దరూ హాస్టళ్ళలో ఉన్నారు. ఇక పగలంతా ఇంట్లో మసిలేది మా అత్తమ్మ ఒక్కతే. సంచిలోంచి పిల్లి తల బయటికి పెట్టగానే ఆమె నొసలు చిట్లించి, "ఇదేందే, కూరగాయలు తెస్తవనుకుంటే పిల్లిని తెచ్చినవ్?" అంది. వారం తిరక్కుండా దానికి 'దొరసాని' అని బిరుదిచ్చి, తన మంచం మీద చోటిచ్చింది కూడా ఆమే.

ఏడాది దాటాక దొరసానికి కడుపు చెడింది. పాలు మాన్పించాం, తగ్గలేదు. పశువుల దవాఖానకు తీసుకెళితే, అక్కడి డాక్టరుగారు బర్రెకు సూది వేస్తున్నవారల్లా ఆగి నా బుట్టలోకి తొంగిచూశారు. మందు రాసిచ్చారు. పది రోజులు తగ్గింది, మళ్ళీ మొదలైంది. మూడోసారి వెళ్ళినప్పుడు ఆయనే, "హైదరాబాద్ తీస్కపోండి మేడమ్, పిల్లుల్ని చూసేటోళ్ళు ఆడ ఉంటరు" అన్నారు. బుట్ట మీద తువ్వాలు కప్పి బస్సెక్కాను. పక్క సీటామె బుట్టలో ఏముందని అడిగితే పచ్చళ్ళు అన్నాను. సదాశివపేట దాటకముందే ఆ పచ్చళ్ళు మియావ్ అన్నాయి.

పేగుల్లో వాపు ఉందని, అది పూర్తిగా పోయే జబ్బు కాదని, అదుపులో పెట్టుకోవడమే మన పని అని హైదరాబాద్ డాక్టరు చెప్పింది. రోజూ ఒక మాత్ర, వారానికొక సూది, పథ్యం. ఉప్పు, కారం, నూనె లేకుండా ఉడికించిన కోడిమాంసం, దాంతోపాటు మెత్తగా ఉడికిన గుమ్మడికాయ అన్నం కొంచెం. అన్నీ రాసి పెట్టుకొమ్మంది. నోటుబుక్కు అలా మొదలైంది.

ఈ తిరుగుళ్ళకు సెలవులు కావాలి. మొదటిసారి మా హెడ్మాస్టరు గారికి ఫోను చేసినప్పుడు నిజమే చెబుదామనుకున్నాను. "పిల్లికి కడుపు బాగలేదు సార్" అన్న వాక్యాన్ని మనసులో ఒకసారి అనుకుని చూసుకున్నాను. స్టాఫ్ రూమ్‌లో అందరి మొహాలూ కనబడ్డాయి. రిటైరయ్యేదాకా నన్ను పిల్లి మేడమ్ అంటారు. నాకు నలుగురిలో నవ్వులపాలు కావడమంటే చచ్చేంత భయం. "మా అత్తమ్మకు కడుపుల బాగలేదు సార్" అనేశాను.

అత్తమ్మ అక్కడే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను ఫోను పెట్టేశాక చేటలోంచి తలెత్తి చూసింది. "నన్నెందుకు మంచంల పండవెట్టినవే?" అంది. నేను నాలుక్కరుచుకున్నాను. ఆమె నవ్వి, "పోనీ తియ్. దొరసాని కోసం గదా" అంది. అత్తమ్మకు తలనొప్పి అనొచ్చు, మోకాళ్ళ నొప్పులు అనొచ్చు. కడుపు అనే మాటే నా నోటికి ఎందుకొచ్చిందో ఆరోజు ఆలోచించలేదు. పిల్లి కడుపు మనసులో ఉంది కాబట్టి వచ్చిందనుకున్నాను. పొద్దున్నే పెరట్లో మొహం కడుక్కుంటూ ఆమె పొట్ట పట్టుకుని కాసేపు వంగి నిలబడడం నేను కిటికీలోంచి ఎన్నోసార్లు చూశాను. చూశానంటే, కళ్ళకు కనబడింది. అంతే.

ఆ తర్వాత అబద్ధం సులువైపోయింది. పిల్లికి ఎక్కువైనప్పుడల్లా బడిలో అత్తమ్మకు ఎక్కువైంది. పిల్లికి రక్తపరీక్ష చేయిస్తే అత్తమ్మకు చేయించినట్టు చెప్పాను. తోటి టీచర్లు ఎలా ఉందని అడిగితే, కాస్త గట్టిపడింది అనబోయి తమాయించుకున్న రోజులున్నాయి.

పిల్లి పథ్యం రెండు రోజులకు సరిపడా వండి, రెండు స్టీలు డబ్బాల్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచేదాన్ని. ఒకదాంట్లో మాంసం, ఒకదాంట్లో గుమ్మడికాయ అన్నం. మధ్యాహ్నం ఎన్ని చెంచాలు తీసి పెట్టాలో అత్తమ్మకు చెప్పి వెళ్ళేదాన్ని. కొన్నాళ్ళకు గమనించాను, మాంసం డబ్బా సరిగ్గానే ఉంటోంది, అన్నం డబ్బా మాత్రం సగానికి పడిపోతోంది. వీధి పిల్లులకు పెడుతోందనుకున్నాను. అడిగితే, "నేనెవ్వరికి పెట్టలే బిడ్డా" అంది. నాకు కోపమొచ్చింది. నా కోపం సంగతి మా బడి పిల్లలకు బాగా తెలుసు. "అది తిండి కాదత్తమ్మా, మందు లెక్క. మీకు తెల్వదు, ఊకోండ్రి" అని గట్టిగానే అన్నాను. అన్నాక ఊరుకున్నానా, లేదు. పిల్లల నీళ్ళ సీసాల మీద పేర్లు రాసే మార్కర్ తెచ్చి, పిల్లికి పెట్టాక అన్నం ఎంతవరకు ఉండాలో డబ్బా బయట ఆమె ముందే గీత గీశాను.

ఆ రోజు నుంచి పిల్లి వంతు తప్ప ఒక్క చెంచా కూడా తగ్గలేదు. సాయంత్రం బస్సు దిగి రాగానే డబ్బా తీసి, గీత చూసి, తృప్తిపడి టీ పెట్టుకునేదాన్ని. ఈ సంగతి రాయకుండా దాటేద్దామని చాలాసేపు చూశాను.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున ఫోనొచ్చింది. "మేడమ్, మీ సందు మొదట్ల ఉన్నం. ఎడమ దిక్కా, కుడి దిక్కా?" హెడ్మాస్టరు గారు. మా అత్తమ్మను చూడడానికి వచ్చారు. ఆయనతో పాటు సైన్సు చెప్పే టీచరు, మా తెలుగు టీచరు కూడా. ఇంట్లో ఎవరికైనా బాగాలేదంటే నలుగురూ వెళ్ళి పలకరించి రావడం మా బడిలో మొదటినుంచీ ఉన్నదే. ఎందరి ఇళ్ళకో నేనూ వెళ్ళాను. నా ఇంటికీ వస్తారన్న ఆలోచన ఎందుకు రాలేదో తెలియదు.

"అత్తమ్మా, జర పండుకోండ్రి" అన్నాను.

"ఏమైంది?"

"మా స్కూలోల్లు వస్తున్నరు. మీకు బాగలేదని."

ఆమె నా మొహం చూసి పకపకా నవ్వింది. మంచమెక్కి, చెద్దరు కప్పుకుని, తలకు తువ్వాలు కూడా చుట్టుకుంది. "మంచిగున్నదా?" అని అడిగింది. నేను పిల్లిని వంటింట్లో వేసి తలుపు గడియ పెట్టాను. ఆ తొందరలో నాకూ నవ్వొచ్చింది.

వాళ్ళు రొట్టె ప్యాకెట్టు, ఆపిల్ పండ్లు, రెండు కొబ్బరిబోండాలు తెచ్చారు. నేను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. కాళ్ళకు చుట్టుకుంటున్న పిల్లిని పక్కకు నెడుతూ, ముందు గదిలో మాటలు విన్నాను. సైన్సు టీచరు అడుగుతోంది, ఎట్లుంటది పెద్దమ్మా అని.

"తిన్నంక గడియసేపటికి ఇక్కడ మంట లేస్తది బిడ్డా. ముల్లు వెట్టి తిప్పినట్టు అయితది. మల్ల ఎనక్కి, ఈపుల దాక పోతది. పొద్దుగాల లేస్తే నోరంత చేదు. జొన్నరొట్టె బందువెట్టి మస్తు రోజులాయె. ఒక్కోపారి నల్లగ పోతది."

ఎంత బాగా చెబుతోంది అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, అలాగే అనుకున్నాను. కప్పుల్లో టీ పోసి, పళ్ళెం పట్టుకుని గడప దాకా వచ్చాను.

"మరి ఏం తింటున్నవ్ పెద్దమ్మా?"

"మెత్తగ ఉడికిన గుమ్మడికాయ బువ్వ. జర ఉప్పేస్కొని తింటే అదొక్కటే కడుపుల నిలుస్తది. నడుమ అది గూడ బందయింది."

"ఎందుకు బందయింది?"

"గట్లనే."

నేను పళ్ళెంతో గడప మీదే ఉండిపోయాను. తెలుగు టీచరు లేచి వచ్చి నా చేతిలోంచి అందుకుంది. "మేడమ్ ఎంత అలసిపోయిన్రో చూడండి సార్" అంది. హెడ్మాస్టరు గారు అత్తమ్మ వైపు తిరిగి, ఈ కాలంలో ఇట్లాంటి కోడలు దొరకడం నీ అదృష్టమమ్మా అన్నారు.

"అవ్ సారూ" అంది అత్తమ్మ. "మస్తు చూస్కుంటది. గోలీ నూరి, పులుసుల కలిపి తాపుతది. హైదరాబాద్ దాక తీస్కపోయింది. ఎన్నిసార్లు పోయిందని గూడ బుక్కుల రాస్తది."

వాళ్ళ కళ్ళల్లో నా మీద గౌరవం కనిపించింది. ఆమె మాటల్లో వెటకారం లేదు. ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. నేను వాళ్ళ ముందు చిన్నబోకుండా కాపాడాలనే ఆమె ఉద్దేశం. నిలబడ్డచోట నేల చీలిపోతే బాగుండుననిపించింది. ఇంతలో వంటింట్లోంచి పిల్లి అరిచింది. "పిల్లి కూడ ఉన్నదా?" అని సైన్సు టీచరు సంబరపడింది. "ఉన్నది" అన్నాను. ఆ పూట నేనాడిన నిజం అదొక్కటే.

వాళ్ళు వెళ్ళాక అత్తమ్మ లేచి తల తువ్వాలు విప్పింది. నేను మంచం పక్కన నేల మీద కూలబడ్డాను.

"ఆ బువ్వ తిన్నది మీరేనా?"

"జర తిన్న. నువ్వు గీత వెట్టినంక తినలే. దానికి తక్కువైతదంటివి."

"నాకెందుకు చెప్పలే?"

ఆమె చెద్దరు మడతపెడుతూ చెప్పింది. "నీ సెలవులన్ని దానికే అయిపాయె. మల్ల నాకేడ పెడ్తవ్? అది నోరులేనిది బిడ్డా. నాకు నోరున్నది గద, ఎప్పుడన్న చెప్పొచ్చనుకున్న."

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆమే ఓదార్చాల్సి వస్తుందని ఆపుకున్నాను. ఫ్రిజ్ తెరిచి డబ్బా తీసి, గీతను పీచుతో తోమాను. ఆ మార్కర్ నీళ్ళకు పోయేది కాదు. పిల్లల సీసాల కోసం అలాంటిదే చూసి కొన్నాను. అన్నం వేడిచేసి, ఉప్పు వేసి, అత్తమ్మ ముందు పెట్టాను. ఆమె తిన్నది. దొరసాని మంచం కింద కూర్చుని చూసింది.

సోమవారం పొద్దున సెలవడగడానికి ఫోను చేశాను. "మా అత్తమ్మకు కడుపుల బాగలేదు సార్. దవాఖానకు తీస్కపోతున్న." హెడ్మాస్టరు గారు నా మాట పూర్తికాకముందే సరేనన్నారు. ఏడాదిగా చెబుతున్న మాటను ఆరోజు మొదటిసారి నిజమని తెలిసి చెప్పానని ఆయనకు తెలియదు. ఇంతవరకూ చెప్పలేదు కూడా.

తర్వాత నోట్లోంచి గొట్టం వేసి చూశారు, కడుపులో పుండు ఉందన్నారు, భయపడాల్సిందేమీ లేదన్నారు. ఇప్పుడు మందులతో చాలావరకు నెమ్మదించింది. కానీ నన్ను వదలకుండా పట్టుకున్నది ఆ సోమవారం నాటి చిన్న గది. డాక్టరు కుర్రవాడే, మర్యాదస్థుడు. చీటీ మీద పేరూ వయసూ రాసుకుని, అత్తమ్మను కాదు, పక్కన నిలబడ్డ నన్ను అడిగాడు.

"ఎన్నాళ్ళనుంచి ఉందండీ?"

నా చేతి సంచిలో నోటుబుక్కు ఉంది. అలవాటుగా వచ్చేసింది. దొరసానికి ఏ నెలలో ఎన్ని వాంతులో చెప్పగలను. అత్తమ్మ గురించి చెప్పడానికి ఒక్క రోజు కూడా లేదు. తెలియదు అనడానికి సిగ్గేసింది. అందుకే అక్కడ కూడా అబద్ధమాడాను.

"పది రోజులైతుంది సార్."

అత్తమ్మ నా వైపు చూడలేదు. డాక్టరుతో నెమ్మదిగా అంది.

"కాదు సారూ. మా ఇంటికి పిల్లి రాకముందునించి."

డాక్టరు కలం ఆపి, ఏమీ అర్థంకాక నా వైపు తిరిగాడు. "పిల్లి ఎప్పుడొచ్చింది మీ ఇంటికి?"

నోటుబుక్కు తీయాల్సిన అవసరం కూడా లేకపోయింది.

"రెండేండ్ల నాలుగు నెలలు సార్" అన్నాను.

ఆయన అదే చీటీ మీద రాసుకున్నాడు.