ఉల్కాన్ కుడిచెయ్యి

ఆట్‌బాషీ లోయ చుట్టుపక్కల పెళ్లయినా, చావు భోజనమైనా, టీనీళ్లు మరిగే సమోవర్ పక్కన ఎవరు కూర్చుంటారన్నది మాంసం ఎవరు వండుతారన్నదానికంటే పెద్ద ప్రశ్న. మాంసం ఉడికితే చాలు. టీ అలా కాదు. పియాలా అనే పిడిలేని టీ గిన్నె సగమే నిండాలి. అంచుదాకా పోస్తే తాగి బయల్దేరమని అర్థం. కుడిచేత్తో ఇవ్వాలి, ఎడమచెయ్యి కుడి మోచేతిని ఆనుకోవాలి. ముందు ఎవరికి, తర్వాత ఎవరికి అన్నది వయసును బట్టి, చుట్టరికాన్ని బట్టి, ఒక్కోసారి పాత తగాదాలను బట్టి ఉంటుంది. ఇవన్నీ తలలో పెట్టుకుని మూడొందలమందికి పోయగలవాళ్లు మా వైపు ఇద్దరే. ఒకరు ఉల్కాన్, ముప్ఫై ఏళ్లు బడిలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. రెండో ఆవిడ జూరకాన్. రిటైరవడానికి జూరకాన్‌కు ఏనాడూ ఉద్యోగం లేదు, నోరు మాత్రం ఉంది.

ఈ సెప్టెంబరులో సగిన్‌బాయ్ తాత వాళ్ల అన్నగారి సంవత్సరీకం. మూడు జిల్లాల చుట్టాలు వస్తారు. సమోవర్ ఎవరికన్నది తాత ఇంకా చెప్పలేదు. ఉల్కాన్‌కు యాభై ఎనిమిది. ఇంత పెద్ద భోజనం ఈ లోయలో మళ్లీ ఎప్పుడు జరుగుతుందో తెలియదు. ఆ చోటు తనకు కావాలి. కానీ అడిగి కూర్చునే చోటు కాదది.

వీడియో ఆలోచన ఆమె ఆడపడుచు గుల్సున్‌ది. గుల్సున్ బజారులో ఫోన్ కవర్లు అమ్ముతుంది.

"టీ ఎలా పొయ్యాలో ఫోన్లో చెప్పు వదినా. బిష్కెక్‌లో పట్నం పిల్లలు గుర్రాలకి నీళ్లు పెట్టినట్టు పోస్తున్నారు. నువ్వు చెప్తే ఊరూవాడా చూస్తుంది. తాత చెవినా పడుతుంది."

"ఫోన్‌తో మాట్లాడితే పిచ్చిదాన్ననుకుంటారే."

"ముప్ఫై ఏళ్లు వినని పిల్లలతో మాట్లాడావు. ఫోన్ నయం, ఆవలించదు."

ఉల్కాన్ లేచి మంచి పియాలాలు తుడవడం మొదలుపెట్టింది.

ఫోన్ గుల్సున్‌దే. వెనక కెమెరా అద్దం పగిలి, అందులో ఏది చూసినా సాలెగూట్లో చిక్కుకున్నట్టు ఉంటుంది. అందుకని ముందు కెమెరాతో తీయాలనుకున్నారు. ఫోన్‌ను జామ్ సీసాకు ఆనించి నిలబెట్టారు. మొదటిసారి ఉల్కాన్ సలాం చెప్పి, ఇంటిల్లిపాది క్షేమం అడిగి, గొర్రెల క్షేమం కూడా అడిగి, జవాబు కోసం ఆగింది. రెండోసారి ఫోన్‌కు పియాలా అందించి, అది పుచ్చుకోకపోయేసరికి కాస్త నొచ్చుకుంది. మూడోసారి సీసా జరిగి ఫోన్ మీగడ గిన్నెలో పడింది. ఏడోసారికి కుదిరింది. పంపడానికి సిగ్నల్ నీళ్ల ట్యాంకు గుట్ట మీదే వస్తుంది కాబట్టి వదినా ఆడపడుచూ గుట్టెక్కి, గంటన్నరసేపు ఆకాశానికి ఫోన్ చూపిస్తూ నిలబడ్డారు.

మర్నాటికి నాలుగువేలమంది చూశారు. "అక్కా, చాలా బాగా చెప్పారు. కానీ టీ ఎడమచేత్తో ఇస్తున్నారేమిటి?" అని మొదటివాళ్లు రాశారు. రెండోవాళ్లు అంత మర్యాదగా రాయలేదు. మూడోవాళ్లు "ఆట్‌బాషీ వాళ్లింతే" అని జిల్లా మొత్తాన్నీ కలిపేశారు.

ఉల్కాన్ వీడియో నాలుగుసార్లు చూసింది. సందేహం లేదు, ఎడమచెయ్యే.

"నేను కుడిచేత్తోనే ఇచ్చాను గుల్సున్."

"ఎదురుగా ఉన్నాగా వదినా. కుడిచేత్తోనే ఇచ్చావు."

"మరి ఇదెవరి చెయ్యి?"

మాస్కోలో టాక్సీ నడిపే ఒకమ్మాయి రాసింది: "అక్కా, మీ వెనక గోడమీద క్యాలెండర్ చూడండి, అక్షరాలు తిరగబడ్డాయి. ఆ ఫోన్ అద్దంలా తీస్తుంది." నాలుగువేలమంది చేతిని చూశారు, గోడను చూసింది ఒక్కతే. సంప్రదాయాన్ని కాపాడేవాళ్ల చూపు తప్పు దొరికిన చోటే ఆగిపోతుంది, ఇంకో అంగుళం పక్కకు జరగదు.

ఉల్కాన్ ఈ అద్దం సంగతి బజారులో చెప్పి చూసింది. జూరకాన్ దాన్ని సాయంత్రంలోపల ఊరంతా పంచింది.

"నేనేమీ అనలేదమ్మా. ఆవిడ చెయ్యి సరిగ్గానే ఉందట, ఫోనే అబద్ధమాడిందట. మా ఆయన కూడా తాగొచ్చినప్పుడు తలుపే పక్కకి జరిగిందంటాడు."

సగిన్‌బాయ్ తాత ఇంటినుంచి కబురొచ్చింది. సమోవర్ సంగతి వచ్చే శుక్రవారం చెప్తారట. అది జూరకాన్ వైపు తిరిగే మాటని అందరికీ తెలుసు.

అద్దంలా తీయకుండా ఫోన్‌ను మార్చే మీట ఎక్కడుందో గుల్సున్‌కు తెలియదు; ఆమె శాస్త్రం కవర్లతో ఆగిపోయింది. దానికి బదులు ఒక ఉపాయం చెప్పింది.

"ఇంకో వీడియో తీద్దాం. ఈసారి నిజంగానే ఎడమచేత్తో ఇయ్యి. ఫోన్లో కుడి అయిపోతుంది. టీ తాగడానికి తాతనే పిలుద్దాం. ఆయనే నీ చేతి టీ తాగితే ఇంకెవడు నోరెత్తుతాడు?"

తెలివితక్కువ ఉపాయాల్లో లెక్క మాత్రం తరచు సరిగ్గానే ఉంటుంది. ఉల్కాన్ మూడురోజులు ఎడమచేత్తో సాధన చేసింది. మొదటిరోజు తివాచీ తడిసింది, రెండోరోజు మోకాలు కాలింది, మూడోరోజుకు పుట్టుకతో వచ్చిన వాటంలా కుదిరింది. తాతకు ఉపాయం సంగతి చెప్పలేదు. చెప్తే రాడు.

గురువారం మధ్యాహ్నం తాత వచ్చాడు. ఎనభై నాలుగేళ్ల మనిషి, తెల్ల టోపీ, దానికి తగ్గ గడ్డం. తలుపుకు ఎదురుగా, పెద్దవాళ్లు కూర్చునే చోట కూర్చుని, ఫోన్ కేసి చూశాడు.

"అందులో ఎంతమందున్నారు?"

"నాలుగువేలు, తాతా" అంది గుల్సున్.

"అంతమందికి రొట్టె చాలదే."

ఉల్కాన్ పియాలాలో సగానికి టీ పోసి, ఎడమచేత్తో అందించింది. తాత చెయ్యి లేచి మధ్యలో ఆగింది. ఆయన పియాలాను చూశాడు, ఆమె చేతిని చూశాడు.

"చేతికి దెబ్బేమైనా తగిలిందా తల్లీ?"

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే తేలికయ్యేది. ఫోన్ వెనక గుల్సున్ "కానీ, కానీ" అని సైగ చేస్తోంది. ఇంకొక్క జానెడు చెయ్యి చాపితే సమోవర్ ఉల్కాన్‌దే. కానీ ముసలాయన చెయ్యి గాలిలో అలాగే ఉంది, తనింటికి వచ్చిన మనిషి చెయ్యి.

ఆమె పియాలాను కింద పెట్టి, కుడిచేతిలోకి తీసుకుని, ఎడమచెయ్యి మోచేతికి ఆనించి మళ్లీ అందించింది.

"చేతికి కాదు తాతా, బుద్ధికి తగిలింది. తీసుకోండి."

"వదినా, ఫోన్లో ఎడమ పడుతుంది" గొణిగింది గుల్సున్.

"పడనీ. ఫోన్లోవాళ్లెవరూ తాగరు. తాగేది ఈయన."

తాత మూడు పియాలాలు తాగి, రొట్టె తుంచి తిని, ఇంటిని దీవించి వెళ్లిపోయాడు. గుల్సున్ మొదట్లోని ఎడమచేతి ముక్క తీసేసి మిగతాది పెట్టనా అని అడిగింది. "పెట్టెయ్. పోయేది ఎలాగూ పోయింది" అంది ఉల్కాన్.

శుక్రవారం పొద్దున్నే మనవరాళ్లు తాతకు వీడియో చూపించారు. అందులో సగిన్‌బాయ్ తాత ఎడమచేత్తో పియాలా పుచ్చుకున్నాడు. ఎడమచేత్తో రొట్టె నోట్లో పెట్టుకున్నాడు. "పెద్దాయనే ఇలా తింటే పిల్లలకేం నేర్పుతాం?" అని కింద రాసినవాడు ఆయన సొంత అల్లుడు.

తాత ఫోన్ పట్టుకుని బజారుకు నడిచాడు. ఎదురైన ప్రతి మనిషినీ ఆపాడు. "చూడు, నా కోటు బొత్తాలు ఏ వైపున్నాయి? ఇందులో ఏ వైపున్నాయి? ఇది అద్దం. తెలిసిందా? అద్దం." చివరికి జూరకాన్ దగ్గరికి వచ్చాడు.

"ఏ చేత్తో తల దువ్వుకుంటావు?"

"కుడిచేత్తో, తాతా."

"అద్దంలో ఉన్న ఆవిడ?"

జూరకాన్ కుడిచెయ్యి జుట్టుదాకా ఎత్తి, ఆలోచించి, మెల్లగా దించేసింది.

వారంరోజులుగా ఉల్కాన్ ఇదే చెప్పింది, ఎవరికీ ఎక్కలేదు. గడ్డంలోంచి వచ్చేసరికి పావుగంటలో ఎక్కింది. శాస్త్రం కూడా పెద్దవాళ్ల పరువుకు అవసరమైన రోజునే మా ఊళ్లోకి అడుగుపెడుతుంది.

"సమోవర్ దగ్గర ఉల్కాన్ కూర్చుంటుంది. అది ఎడమచెయ్యయితే పుచ్చుకున్న నాదీ తప్పే. నేను తప్పు చేశానని ఎవరైనా అంటారా?" అన్నాడు తాత.

అల్లుడు ఆ సరికే తను రాసింది చెరిపేశాడు.

గుల్సున్ పరుగున వచ్చి చెప్పేసరికి ఉల్కాన్ పెరట్లో బంగాళాదుంపలు తవ్వుతోంది. విని, గడ్డపార పక్కన పెట్టి, చేతుల మట్టి దులుపుకుంది.

"జూరకాన్‌కి ఏ పని చెప్పారు?"

"ఏమీ లేదు వదినా."

"రొట్టెల పని ఆవిడకిమ్మను. మూడొందలమంది మధ్య ఆ చేతులు ఖాళీగా ఉంటే, నోరు పనిలోకి దిగుతుంది."