కుర్చీ ఎత్తున ఊరు

ఫొటోగ్రాఫరు ప్యాంట్లన్నీ ముందు మోకాళ్ల దగ్గరే చిరుగుతాయి. పత్రికవాళ్లు ఎక్కడికి పంపినా సరే, మేడలెక్కడు. నడిరోడ్డు మీద మోకరిల్లి, ఊపిరి బిగబట్టి మీట నొక్కుతాడు. "ఊరంతా నడుం కిందే ఉందా నీకు?" అని ఎడిటరు వేళాకోళం చేస్తే నవ్వేసి ఊరుకుంటాడు. చిన్నప్పుడు అక్కను చక్రాల కుర్చీలో తోసుకుంటూ వీధులన్నీ తిరిగాడు. ఆమె ఏదైనా చూపిస్తే, అది కనబడాలంటే ఆమె పక్కన వంగాల్సి వచ్చేది. ఆ వంగడం అలాగే ఉండిపోయింది.

కొత్త బస్‌స్టేషన్ ప్రారంభానికి పంపితే టిక్కెట్ల కిటికీని కింద నుంచి ఫొటో తీసుకొచ్చాడు. ఫొటో నిండా నున్నటి గోడ, పైనెక్కడో ఒక చెయ్యి. ఎడిటరు గొణుక్కుంటూనే అచ్చేశాడు. నెల తిరక్కుండా ఆ పక్కనే తక్కువ ఎత్తులో మరో కిటికీ తెరిచారు. అతను అక్కను వెంటబెట్టుకెళ్లాడు.

"ఎక్కడికమ్మా?" అన్నాడు గుమాస్తా.

"ఉండు బాబూ, టిక్కెట్టిచ్చే మనిషి మొహం చూడటం ఇదే మొదటిసారి. కాసేపు చూడనీ" అంది అక్క. తర్వాత తమ్ముడి చెయ్యి పట్టుకుని, "నీ వల్లేరా" అంది.

"తీసింది నేనే గానీ, చూడటం నేర్పింది నువ్వేగా అక్కా" అన్నాడు అతను.

"మరి ఫొటో కింద నా పేరు వెయ్యలేదేంరా?" అంది అక్క.