ఏడో ముక్క కోసం నా పెదవి పగిలింది

ఈ రోజు మా ల్యాబులో తన్నులాట జరిగింది. కారణం నేనే.

విమాన భాగాలు చేసే ఒక కంపెనీ తమ ఉక్కును మా దగ్గర పరీక్ష చేయించుకుని, దాని మీద రీసెర్చ్ పేపర్ అచ్చేసింది. ఆ కంపెనీ సైంటిస్టే ఈ రోజు దాన్ని స్వయంగా తెచ్చిచ్చాడు. ఉక్కు ఎంత దెబ్బకు విరుగుతుందో చూసే సుత్తి మెషీను మీద ముక్కలన్నీ విరగ్గొట్టింది మా అప్పలరాజన్న. ఆయనకు ఇంగ్లీషు రాదు కదా అని, పవర్ హౌస్ బజారు నుంచి జిలేబీ తెప్పించి మరీ పేపర్ తెలుగులో చదివి వినిపించాను. ముందుగా నేను చదవలేదు. అదే నా తప్పు.

"ఏడో ముక్క తేలిగ్గా విరిగింది. ఆపరేటర్ పొరపాటు వల్ల దాన్ని లెక్కలోకి తీసుకోలేదు" అని చదివేశాను.

అప్పలరాజన్న సైంటిస్టు కాలర్ పట్టుకుని గోడకేసి కొట్టాడు. సైంటిస్టు ముక్కులోంచి రక్తం కారింది. అడ్డం వెళ్తే మోచెయ్యి తగిలి నా పెదవి చిట్లింది.

"నా సెయ్యి తప్పేటి? అదే ఉక్కు ప్లేటులోంచి కోసిన ముక్క ఇంకోటుంది. సూడు సాబ్."

ముక్కను మెషీనులో పెట్టి సుత్తి వదిలాడు. అది గాజులా పెళ్లున విరిగి, సగం ఎగిరొచ్చి సైంటిస్టు బూటు పక్కన పడింది. అన్న రెండు సగాలనూ ఎప్పటిలాగే తీగతో కట్టి సైంటిస్టు చేతిలో పెట్టాడు.

"ఇది కూడా రాసుకో."

కొట్టడం తప్పే. కాదనను. కానీ 'ఆపరేటర్ పొరపాటు' అని రాసేవాళ్లు, ఆ ఉక్కు వేసిన విమానం తాము ఎక్కుతారో లేదో కూడా కింద రాయాలి.