బోర్డక్క నలభై ఒకటో తలుపు

ఆస్పత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళు టెలిఫోన్ బోర్డు ముందు కూర్చుంది కాబట్టి అందరికీ బోర్డక్కే. సెల్‌ఫోన్లు వచ్చి ఆ పెద్ద బోర్డు మూలపడ్డాక, ఆమెను ఏం చెయ్యాలో తోచక పైవాళ్ళు రెండో అంతస్తులో కంప్యూటర్ల గదికి పంపారు. అక్కడ ఏసీ ఉంటుంది, చల్లగా కూర్చోవచ్చన్నారు. ఆమె ఊరికే కూర్చునే రకం కాదని వాళ్ళకేం తెలుసు పాపం.

నెల తిరక్కుండానే, ఇనప చట్రంలో ఇటుకంత మందాన ఉన్న ఒక పెట్టె దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. దాన్ని ఫైర్‌వాల్ అంటారట. ఒక విభాగం కంప్యూటరు ఇంకో విభాగంతో మాట్లాడాలన్నా, బయటి ప్రపంచంతో మాట్లాడాలన్నా మధ్యలో దాని అనుమతి కావాలట. ఒక్కో కంప్యూటరుకూ అరవై అయిదు వేల పైచిలుకు తలుపులట, వాటినే పోర్టులంటారట, ప్రతిదానికీ ఒక నంబరట. మనం తెరవమని చెప్పనివన్నీ ఆ పెట్టె మూసే ఉంచుతుందట.

"ఇది మన బోర్డే కదండీ. కంప్యూటరు ఇల్లు, పోర్టు ఎక్స్‌టెన్షను," అంది ఆమె, నేర్పడానికి వచ్చిన ఇంజనీరుతో.

ఆయన నవ్వి, "ఈ మాట బుర్రకెక్కడానికి నాకు కాలేజీలో ఏడాది పట్టిందమ్మా," అన్నాడు.

ఆమెను నిజంగా నోరెళ్ళబెట్టేలా చేసింది మాత్రం వేరే సంగతి. ఈ ఆస్పత్రిలో ఎక్స్‌రే గది ఫోను నంబరు ముప్ఫై. పక్క ఆస్పత్రిలో ముప్ఫై తిప్పితే వంటగది పలుకుతుంది. కానీ తాళం గుర్తున్న వెబ్‌సైటు తలుపు భూమ్మీద ఎక్కడికి పోయినా నాలుగు వందల నలభై మూడే. వెబ్‌సైటు పేరు చెబితే దాని అడ్రసు చెప్పే తలుపు ఎక్కడైనా యాభై మూడే. ఒకే వీధిలో రెండిళ్ళవాళ్ళు చెత్తడబ్బా ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేరు, భూగోళం మొత్తం ఈ నంబర్ల విషయంలో ఒక్క మాట మీద ఎలా నిలబడిందా అని ఆమె అబ్బురపడింది. తొమ్మిదేళ్ళయినా ఆ అబ్బురం తగ్గలేదు.

"ఇంటి తలుపు గడియ మర్చిపోయి వెళ్తావు, అక్కడ అరవై అయిదు వేల తలుపులు కాస్తున్నావా?" అనేవాడు బస్సు నడిపే ఆమె మొగుడు.

"అందుకే అవి మూసి ఉండేలా పుట్టాయి. మన తలుపుకి ఆ బుద్ధి లేదు," అనేది ఆమె.

బోర్డు రోజుల అలవాటుకొద్దీ ఆమె ఒక పొడుగాటి రిజిస్టరు పెట్టుకుంది. అందులో నాలుగు గళ్ళు. నంబరు, ఎవరు అడిగారు, ఎందుకు, ఎప్పుడు మూయాలి. నాలుగూ నిండితే గానీ ఏ తలుపూ తెరిచేది కాదు. నాలుగో గడి దగ్గర పెద్దపెద్ద డాక్టర్లు కూడా విసుక్కునేవాళ్ళు. పని అయిపోయాక తలుపు మూసుకోవాలని ఎవరికీ గుర్తుండదు, ఆ గుర్తుంచుకోవడమే తన కొలువని ఆమె నమ్మకం.

ఒక ఉదయం పాత ఫైర్‌వాల్ వేడెక్కి పూర్తిగా ఆగిపోయింది. కొత్తది సిద్ధంగా ఉంది. రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని అందులో వరసగా ఉన్న నలభై ఒక్క తలుపులనూ ఆమే స్వయంగా ఎక్కించింది. ప్రతి నంబరునూ, బోర్డు మీద చేసినట్టే, రెండుసార్లు పైకి చదువుకుంది. పదకొండు గంటలకల్లా ఎక్స్‌రేలు కదిలాయి, రక్తపరీక్షలు కదిలాయి. అప్పుడు మోగింది ఫోను.

"బోర్డక్కా, మా తెర నల్లబడిపోయింది," అంది పెద్ద సిస్టరు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు అది. మూడు అద్దాల గదుల్లో పన్నెండు బెడ్లు, చూసుకోవడానికి ఇద్దరే సిస్టర్లు. ప్రతి బెడ్ పక్కనా పాపాయి గుండెనూ ఊపిరినీ లెక్కపెట్టే చిన్న మానిటరు ఉంటుంది. పిల్లలు బెదరకుండా వాటి గొంతు తగ్గించి ఉంచుతారు. అసలు అలారం మోగేది సిస్టర్ల బల్ల మీది తెరలోనే. మానిటర్ల లెక్కలు ఆ తెరకు చేరాలంటే ఫైర్‌వాల్‌లో నలభై ఒకటో తలుపు దాటాలి.

"బెడ్ల దగ్గర మానిటర్లేమంటున్నాయి?"

"అన్నీ పచ్చగానే ఉన్నాయి, ఏ తప్పూ చూపించట్లేదు. అక్కా, ఏడో బెడ్ పాప కేజీంబావు లేదు. మధ్యమధ్యలో ఊపిరి తీసుకోవడం మర్చిపోతుంది. అరికాలి మీద తడితే గుర్తొస్తుంది. నేను దాని దగ్గర నిలబడితే మిగతా పదకొండు మందినీ రెండో సిస్టరు ఒక్కతే చూడాలి."

ఆమె నంబరు చూసుకుంది. సరిగ్గానే ఉంది. మళ్ళీ చూసుకుంది. అంకె తేడా లేదు. ఇంతలో సూపరింటెండెంటు మెట్లెక్కి వచ్చాడు. పెట్టె అమ్మిన కంపెనీవాళ్ళు ఆయనకు ఫోనులో ఒక ఉపాయం చెప్పారట.

"అన్నీ తెరిచేయమ్మా. తర్వాత చూసుకుందాం."

"తెరిస్తే ఆస్పత్రి మొత్తం నడివీధిలో ఉన్నట్టేనండీ. అయిదు నిమిషాలివ్వండి. అప్పటికీ కాకపోతే నా చేత్తో నేనే తెరుస్తాను."

ఆయన గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. పెట్టె తాను వెనక్కి పంపిన ప్రతిదాన్నీ ఒక జాబితాలో రాసుకుంటుంది. ఆమె ఆ జాబితా తెరిచింది. వరసలు జలజలా రాలిపడుతున్నాయి. నంబరు నలభై ఒకటో తలుపుదే. కానీ పక్కన, మాట్లాడే పద్ధతి ఉండే చోట, యూడీపీ అని ఉంది. ఆమె తెరిచిన తలుపు పక్కన టీసీపీ అని ఉంది.

బోర్డు గదిలో ఆమె దగ్గర రెండు ఉండేవి, ఫోనూ మైకూ. ఫోనులో అవతలివాళ్ళు పలికాకే మాట మొదలవుతుంది, వినబడకపోతే మళ్ళీ చెప్పాలి. టీసీపీ అలాంటిది. మైకులో "డాక్టరు గారు మూడో వార్డుకి రావాలి" అనేసి ఊరుకోవడమే, విన్నారా లేదా అని ఆగి చూడటం ఉండదు. యూడీపీ అలాంటిది. ఈ తేడా ఆమెకు ఎప్పుడో తెలుసు. కానీ పాత పెట్టె నంబరిస్తే రెండు పద్ధతులకూ తలుపు తీసేది. కొత్తది మనం ఏమీ చెప్పకపోతే టీసీపీ అనే అనుకుంటుంది. తాను ఫోను మనిషి కాబట్టి ఆమె నంబరు చాలనుకుంది. ఆమె రిజిస్టరులో పద్ధతికి గడే లేదు.

"తప్పు నాదేనండీ," అంది. అంటూ జాబితా వంక మరోసారి చూసి అలాగే ఉండిపోయింది. సెకనుకు పన్నెండు వరసలు. ఒక్కో పాపాయిదీ ఒక్కో వరస. మూసిన తలుపు అవతల పన్నెండు గుండెలు, తమ మాట ఎవరూ వినడం లేదని తెలియకుండానే, విసుగూ విరామమూ లేకుండా చెప్పుకుపోతున్నాయి. గుండె లెక్క జవాబు కోసం ఆగితే పాతబడిపోతుంది, ఒకటి పోయినా మరుక్షణం ఇంకోటి వస్తుంది, అందుకే దాన్ని మైకులో చెప్పాలని ఎవరో మహానుభావుడు ఎక్కడో కూర్చుని ఆలోచించి ఉంటాడు. ఆమెకు ఒళ్ళు గగుర్పొడిచింది. పెట్టెలో నలభై ఒకటో తలుపు పక్కనున్న టీసీపీని యూడీపీ చేసింది. రాలిపడే వరసలు ఠక్కున ఆగిపోయాయి.

ఫోను మోగింది. "వచ్చాయక్కా. పన్నెండూ వచ్చాయి."

ముప్ఫై ఒక్కేళ్ళ నౌకరీలో ఆమె ఆ వార్డు గొంతులు విన్నదే గానీ లోపలికి వెళ్ళింది లేదు. ఆ మధ్యాహ్నం చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని వెళ్ళింది. తెర మీద పన్నెండు అంకెలు మారుతున్నాయి. పెద్ద సిస్టరు ఏదో చెప్పబోతుండగా ఏడో అంకె ఎర్రబడి తెర మోగింది. ఆమె మాట మధ్యలో వదిలేసి మూడో అద్దాల గదిలోకి పరుగెత్తింది. బొటనవేలంత పాదాన్ని పట్టుకుని, అరికాలి మీద వేలితో రెండుసార్లు తట్టింది. అగ్గిపెట్టెంత ఛాతీ పైకి లేచింది. తెర మీద అంకె మళ్ళీ పచ్చబడింది. బోర్డక్క గోడ పట్టుకుని నిలబడింది, కళ్ళ నీళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

గదికి తిరిగొచ్చి రిజిస్టరు తీసింది. స్కేలు పెట్టి నంబరు పక్కన కొత్త గడి గీసి, మాట్లాడే పద్ధతి అని పేరు పెట్టి, నలభై ఒకటో వరసలో యూడీపీ అని రాసింది. ఎవరు అడిగారు అన్నచోట పాత రాత కొట్టేసి, ఏడో బెడ్ పాప అని రాసింది. ఎప్పుడు మూయాలి అన్న గడి తొమ్మిదేళ్ళుగా ఆ ఒక్క వరసలోనే ఖాళీగా ఉంది. అప్పట్లో ఏం రాయాలో తెలియక, ఆ ఒక్కసారే తన నియమం తనే తప్పింది. ఇప్పుడు కలం ఆగలేదు. పిల్లలు పుట్టడం మానేశాక, అని రాసి రిజిస్టరు మూసింది.