అన్నం తిన్నాక అడగలేని ప్రశ్న

మొన్న పొద్దున్నే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఆహ్వానపత్రం ప్రత్యక్షమైంది. పళ్ళు తోముకుంటూ చూశాను, పేస్టు మింగినంత పనైంది. పామర్రు దగ్గర చిన్న విలేకరిగా మొదలుపెట్టి, ఇప్పుడు బెజవాడలో పెద్ద పాత్రికేయుడైపోయిన మా బావకి ‘విలువలకు కట్టుబడిన కలం’ అని సన్మానమట. ఫొటోలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, దేశం ఏమైపోతుందో అని ఈయనొక్కడికే దిగులు పట్టుకున్నట్టు చూస్తున్నాడు. దాని కింద చప్పట్ల బొమ్మలు, పూలగుత్తులు, దండాలు. మా చిన్నాన్న కూతురైతే ‘మన కుటుంబానికే గర్వకారణం బావగారూ’ అని పెట్టింది. విలువలట! నా ఒళ్ళు మండిపోయింది. బావ వరస కాబట్టి ఆయన్ని ఎంత మాటైనా అనే హక్కు నాకు పుట్టుకతో వచ్చింది. ఆ హక్కు వేళాకోళానికిచ్చిందని తెలుసు. నేను మాత్రం దాన్ని ఇవాళ వేళాకోళానికి వాడటం లేదు.

కథ మా మేనత్తది. ఆవిడ ఊరు పామర్రులో బస్సు దిగి ఆటో ఎక్కితే వస్తుంది. దారికి ఒక పక్క కాలువ, ఇంకో పక్క వరిచేలు. నా చిన్నప్పుడు రెండో పంట మినుముతో పచ్చగా ఉండే చేలల్లో సగం ఇప్పుడు చేపల చెరువులైపోయాయి. ఆ ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్ళకి కేటాయించిన ఏడు అత్తయ్య నిలబడి గెలిచింది. మన దగ్గర ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో తెలిసిందేగా. బోర్డు మీద పెళ్ళాం పేరు, కుర్చీలో మొగుడు. ‘సర్పంచ్ గారూ’ అని పిలిస్తే లుంగీ సర్దుకుంటూ మొగుడే పలుకుతాడు. మా మావయ్య కూడా మొదటిరోజు అలవాటు ప్రకారం వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు. అత్తయ్య అందరి ముందూ ‘‘లేవండి, అది నాది’’ అంది. పాపం ఆయన బతికిపోయినట్టు లేచాడు. ఆ తర్వాత ఆయన పనల్లా ఆవిణ్ణి స్కూటర్ మీద మండలాఫీసుకి తీసుకెళ్ళడం, ఆవిడ లోపల అధికారులతో గొడవ పడుతుంటే బయట టీ తాగుతూ పదిమందితో కబుర్లు చెప్పడం. ఆ కబుర్లంటే ఆయనకి ప్రాణం. ఊళ్ళో కూడా పొద్దున్నే టీకొట్టు బల్ల మీద మావయ్య లేకపోతే పేపరు చదివిన తృప్తి ఎవరికీ ఉండేది కాదు.

ఎండాకాలం కాలువలు కట్టేసే ముందు మా వైపు ప్రతి ఊరూ తన మంచినీళ్ళ చెరువు నింపుకుంటుంది. మళ్ళీ కాలువకి నీళ్ళొచ్చేదాకా ఊరంతా తాగాల్సింది ఆ నీళ్ళే. సరిగ్గా ఆ రోజుల్లోనే చేపల చెరువుల వాళ్ళకీ నీళ్ళు కావాలి. కాలువ గట్టున ఇంజన్లు పెట్టి తోడేస్తారు. అడిగేవాడు ఉండడు, ఎందుకంటే అడగాల్సినవాడికి కూడా ఒక చెరువు ఉంటుంది. అత్తయ్యకి లేదు. ఆవిడ వెళ్ళి, ఆ చుట్టుపక్కల అందరికంటే పెద్ద చెరువులున్న ఆసామి ఇంజన్లు ఆపించింది, పైపులు పీకించింది, మంచినీళ్ళ చెరువు నిండేదాకా గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎండకి నల్లబడిపోయింది. ఆ ఆసామికి కోపం రావడంలో వింత లేదు. మా బావ పనిచేసే పేపరుకి నాయకుల పుట్టినరోజులకీ, పండగలకీ ప్రకటనలిచ్చేవాడు కూడా ఆయనే. ఆ ప్రకటనలు తెచ్చిపెట్టాల్సింది మా బావ. విలేకరి అంటే వార్తలు తేవాలనుకుంటాం గానీ, ఆఫీసువాళ్ళు ముందు అడిగేది ప్రకటనలే.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం బావ అత్తయ్య ఇంటికొచ్చాడు. ఆవిడకి అక్క వరసయ్యే ఆవిడ కొడుకు, చిన్నప్పటినుంచీ ‘పిన్నీ’ అంటూ ఆ ఇంట్లో పెరిగినవాడే. సెలవులకని నేనూ అక్కడే ఉన్నాను, వడ్డించింది నేనే. చింతచిగురు, రొయ్యలు. మళ్ళీ మళ్ళీ వేయించుకుని తిన్నాడు మహానుభావుడు. పెరుగు దగ్గర కూడా మొహమాటపడలేదు. అత్తయ్య పక్కన పీట వేసుకుని, ఇంజన్లు ఎలా ఆపించిందో, ఆసామి మనుషులు ఏమని బెదిరించారో, మంచినీళ్ళ చెరువు ఎంతవరకూ నిండిందో అన్నీ చెప్పింది. ఇతగాడు ‘‘ఔనా పిన్నీ’’, ‘‘అమ్మో పిన్నీ’’ అంటూ గంగిరెద్దులా తలూపాడు. చెయ్యి కడుక్కుని, వక్కపొడి వేసుకుని, అరుగు మీద ఒక కునుకు కూడా తీసి వెళ్ళాడు.

మర్నాడు పేపర్లో వచ్చింది. తాగునీటిని చేపల చెరువులకు సర్పంచ్ అమ్ముకుంటున్నారని గ్రామస్తులు ఆరోపిస్తున్నారట. ఏ గ్రామస్తులో లేదు. ఇంజన్ల ఫొటో వేశారు, అవి ఆవిడ ఆపించిన ఇంజన్లే. వార్త చివర ఒక వాక్యం: ‘దీనిపై సర్పంచ్‌ను వివరణ కోరేందుకు ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు.’ అత్తయ్య మొత్తం వార్త చదివి తిట్టింది, నవ్వింది, ఆసామి ఏడుపు ఇది అంది. ఆ చివరి వాక్యం దగ్గరికొచ్చేసరికి మాత్రం పేపరు కింద పెట్టేసింది. ‘‘నేను అందుబాటులోకి రాలేదా? వాడి కంచం పక్కనే కూర్చున్నానే!’’ అంది. అప్పటిదాకా ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసిన పాపాన పోలేదు నేను.

విచారణ అన్నారు. అది తేలేదాకా పంచాయతీ డబ్బు మీద ఆవిడ సంతకం చెల్లదన్నారు. సంతకం చెల్లని సర్పంచ్ మాట ఎవడు వింటాడు? గుమాస్తా కూడా లేచి నిలబడటం మానేశాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆవిణ్ణి చూసి మాటలు ఆపేసేవాళ్ళు. ఆవిడ కాపలా కాసిన నీళ్ళే బిందెల్లో పట్టుకుంటూ! మావయ్య టీకొట్టుకి వెళ్ళడం మానేశాడు. ‘‘అక్కడ పేపరుంటుందే’’ అన్నాడోసారి నాతో. విచారణలో ఏమీ లేదని తేలింది గానీ, తేలేసరికి ఆవిడ పదవీకాలమే అయిపోయింది. ఆ తేలిన సంగతి ఏ పేపరూ వేయలేదు. మావయ్య పోయేదాకా మళ్ళీ ఆ బల్ల మీద కూర్చోలేదు. అందుకే నేను ఎవర్నైనా క్షమిస్తానేమో గానీ మా బావని క్షమించను.

వార్త పడ్డ కొత్తల్లో అత్తయ్యని తీసుకుని బెజవాడ పేపరాఫీసుకి వెళ్ళాను. ఏసీ గదిలో ఒక ఇన్‌ఛార్జి. చాలా మర్యాదస్తుడు. ‘‘అమ్మా, మీరు ఖండన రాసివ్వండి, వేస్తాం’’ అన్నాడు. ‘‘ఖండన నేనెందుకివ్వాలయ్యా? తప్పు మీది. నేను మీవాడితో మాట్లాడానని వెయ్యండి. నీళ్ళ సంగతి విచారణలో వాళ్ళే తేలుస్తారు. నేను ఇంట్లోనే ఉన్నానన్నది మాత్రం మీరే తేల్చాలి’’ అంది. ‘‘మావాడు ప్రయత్నించానంటున్నాడమ్మా’’ అన్నాడాయన, కాఫీ తెప్పిస్తానన్నాడు. చివరికి లోపలి పేజీలో, టెండరు ప్రకటనల కింద, ‘ఆరోపణలు అవాస్తవం: సర్పంచ్’ అని నాలుగు ముక్కలు వేశారు. అది చదివితే దొంగ తాను దొంగని కానంటున్నట్టే ఉంది. మొదటి వార్త చూడనివాళ్ళు కూడా అది చూసి, ఏమిటా ఆరోపణలని వాకబు చేశారు.

తిరుగు దారిలో పామర్రు బస్టాండులో బావ ఎదురుపడ్డాడు. తప్పుకోబోతుంటే నేనే అడ్డం వెళ్ళాను. తల వంచుకుని అత్తయ్యతో ఏమన్నాడో తెలుసా? ‘‘ఏం చెయ్యను పిన్నీ, అడుగుదామనే వచ్చాను. నీ చేతి అన్నం తిన్నాక ఆ మాట అడగాలంటే మొహమాటం వేసింది.’’ మొహమాటమట! మనవాళ్ళు దాన్నొక సుగుణంగా చెప్పుకుంటారు. అబ్బాయి చాలా మొహమాటస్తుడండీ అని పెళ్ళిచూపుల్లో గొప్పగా అంటారు. తిన్న ఇంట్లో కటువుగా అడగకూడదు, నిజమే. మరి తిన్న ఇంటి మీద కటువుగా రాయొచ్చా? మొహం మీద అడగడానికి సిగ్గుపడ్డవాడు వెనకాల రాయడానికి సిగ్గుపడలేదు. అడిగుంటే ఆవిడ జవాబు రాయాల్సొచ్చేది, రాస్తే ఆ వార్తే నిలబడేది కాదు. ఇదంతా నేను బస్టాండులోనే గట్టిగా అన్నాను. జనం మూగారు. ఆయన బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఇంక ఇప్పటి సంగతి. అత్తయ్య కంటి ఆపరేషన్‌కి వచ్చి పటమటలో మా ఇంట్లోనే ఉంది. నిన్న బావ స్వయంగా దిగాడు, చేతిలో సన్మానం కార్డు. వంగి కాళ్ళకి దణ్ణం పెట్టి, ‘‘పిన్నీ, నువ్వొచ్చి ముందు వరసలో కూర్చోవాలి’’ అన్నాడు. గుమ్మంలోకొచ్చిన మనిషిని ఎంత పగైనా పొమ్మనలేం కదా, కాఫీ పెడదామని లేచాను.

‘‘కూర్చోవే’’ అంది అత్తయ్య. ‘‘కాఫీ తాగితే వీడికి మళ్ళీ మొహమాటమొస్తుంది.’’

నల్ల కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి అతనివైపు తిరిగింది. ‘‘ఒరే, ఆ రోజు నన్నడగాల్సిన మాట ఒకటుంది. ఇప్పుడడుగు. నీళ్ళు అమ్ముకున్నావా పిన్నీ అని నా మొహం చూసి అడుగు. నా జవాబు విను. రాయక్కర్లేదు. వింటే చాలు, నీ సభకొస్తాను.’’

‘‘ఇప్పుడెందుకు పిన్నీ, ఎప్పటి సంగతో. ఆ పేపరు ఎవరికి గుర్తుంది?’’

‘‘మీ బాబాయికి గుర్తుంది. పోయేదాకా గుర్తుంది. అడుగు.’’

బావ కార్డు వైపు చూశాడు, ఫోన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేనేం సాయం చేస్తాను? చెమట తుడుచుకున్నాడు. అత్తయ్య కదల్లేదు, తొందరపెట్టలేదు. ఆఖరికి ఎవరో ఎదురుచూస్తున్నారని గొణిగి, చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు.

‘‘చూశావుటే, ఇవాళ ఖాళీ కడుపుతోనే వచ్చాడు’’ అంది అత్తయ్య, కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంటూ. ‘‘అయినా అడగలేదు.’’

పేపరు సాయంత్రానికల్లా పాతబడిపోతుందంటారు, అది చదివినవాళ్ళ సంగతి. అందులో పేరు పడ్డ మనిషికి మాత్రం ఆ పొద్దు ఎన్నేళ్ళయినా గడవదు.